రాజుగారి రెప్ప మీద బీట

తెనాలి పక్కన అంగలకుదురులో శిల్పి బసవేశ్వరరావు షెడ్డు పొద్దున ఆరింటికి తెరుచుకుంటుంది. వస్తూనే బొమ్మ మీది గోనెపట్టాలు విప్పుతాడు, బకెట్లో ముంచి పిండుతాడు. మట్టిబొమ్మ పూర్తయ్యేదాకా తడి ఆరకూడదు. ఆరితే బీటలు వారుతుంది. పూర్తయ్యాక దానిమీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో అసలు విగ్రహం పోస్తారు. మట్టి మీద వెంట్రుకంత గీత ఉన్నా అది అచ్చులోకీ, అక్కణ్నుంచి విగ్రహంలోకీ వెళ్లిపోతుంది. అందుకే తెనాలి శిల్పులకు బీటంటే భయం.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది జయవర్మ. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఖ్మేరు రాజ్యాన్ని, అంటే ఇప్పటి కంబోడియాని, ఏలిన ఏడో జయవర్మ. గుళ్లూ కోటలూ కట్టించిన రాజులు చాలామంది ఉన్నారు. ఈయన వాటితోపాటు నూటరెండు ఆసుపత్రులు కట్టించాడు, దారుల వెంట బాటసారులకు సత్రాలు కట్టించాడు. ప్రజల ఒంట్లో రోగం తన మనసుకు రోగమని, అదే ఎక్కువ బాధపెడుతుందని రాళ్ల మీద చెక్కించాడు. బొమ్మకు కిరీటం లేదు, నగ లేదు. వెనక్కి ముడిచిన జుట్టు, కాస్త వంచిన తల, వాల్చిన రెప్పలు. అంతే.

రేపల్లెలో కొత్తగా ఇరవై పడకల ఆసుపత్రి కడుతున్న డాక్టరు ప్రసన్నలక్ష్మి ఈ బొమ్మ చెయ్యమంది. ఆవిడది సముద్రం మీద బతికే కుటుంబం. కంబోడియా చూడ్డానికి వెళ్లి, ఆ రాజు విగ్రహం ముందు గంటసేపు నిలబడి, నాలుగు వైపులా ఫొటోలు తీసుకొచ్చింది.

కొల్లూరు లంకల నుంచి తెచ్చిన ఒండ్రుమట్టి ఇనపచట్రానికి అంటుకున్న రోజునుంచే రాజుగారు పని మొదలుపెట్టారు. చేపలమ్మే వెంకటసుబ్బులు మోకాలు పట్టుకుని కుంటుతూ వచ్చి, బొమ్మ ముందు కాసేపు కూర్చుంది. లేచేటప్పటికి రాజుగారి కుడి మోకాలు మీద బెత్తెడు బీట. అప్పట్నుంచి రోజూ ఇదే తంతు.

"అన్నయ్యా, రాజుగారి మోకాలు చూసుకో," అంటూ సుబ్బులు గంప నెత్తికెత్తుకుని చకచకా నడిచింది.

"వచ్చేటప్పుడు కుంటుతావు, పోయేటప్పుడు పరిగెడతావు. మెత్తలేక చచ్చేది నేను!"

"ఊరికే మెత్తుతున్నావా? నిన్న కానాగంత చేపలు ఇచ్చిపోలా?"

సుబ్బులు చెప్పగా ఇంకొకరు, వాళ్లు చెప్పగా మరొకరు వచ్చారు. ఇనపచట్రం కట్టిన వెల్డరు రహమతుల్లా భుజంనొప్పి రాజుగారి భుజాన తేలింది. పంటినొప్పితో వచ్చిన కండక్టరు వెళ్లేసరికి రాజుగారి దవడ వాచింది. రాజన్నాక అది మామూలే అనుకున్నారు అందరూ. బసవేశ్వరరావుకూ దాని మీద ఆశ్చర్యం లేదు. అతని బాధంతా గడువు గురించి. శుక్రవారం డాక్టరమ్మ వచ్చి మట్టిబొమ్మ చూస్తుంది, నచ్చితే శనివారం ప్లాస్టర్ పొయ్యాలి.

అసలే అతను కాలు కాలిన పిల్లి. కూర్చున్నచోట కూర్చోడు. ఈమధ్య మరీ ఎక్కువైంది. పక్కన పెట్టిన కాఫీ గ్లాసు చెయ్యి తగిలి దొర్లేది. గుమ్మం దాటుతుంటే భుజం తలుపుకు కొట్టుకునేది. "నిదానం లేని మనిషి," అని భార్య జయలక్ష్మి నెలరోజులుగా కాఫీ మరకలు తుడుస్తూనే ఉంది.

సోమవారం అతను గేటుకు బోర్డు కట్టాడు: 'నొప్పులున్నవారు లోపలికి రాకూడదు.'

జయలక్ష్మి చదివి నవ్వింది. "అయితే నేనూ రాకూడదుగా. నాకు నడుంనొప్పి."

"రావద్దు. కాఫీ గుమ్మం దగ్గర పెట్టి వెళ్లు. ఒంట్లో నొప్పన్నది లేనివాణ్ని నేనొక్కణ్నే."

అన్ని బీటలూ పూడ్చాడు. మంగళవారం పొద్దున పట్టా విప్పితే రాజుగారి రెండు రెప్పల మీదా సన్నని గీతలు. కణత వైపు కొసలో మొదలై ముక్కు వైపు పాకుతున్నాయి. మెత్తాడు. బుధవారం మళ్లీ అక్కడే, ఇంకో గోరంత పొడుగు. షెడ్డులోకి ఎవరూ రాలేదు.

అతనికి సంగతి అర్థమైనట్టే అనిపించింది. ఇది ఎవరి జబ్బూ కాదు, రాజుగారి సొంత కోరిక. ముప్ఫై ఏళ్లుగా అతను చేసిన నాయకుల విగ్రహాలన్నీ కళ్లు తెరిచినవే. అన్నిటికన్నా ఆఖర్న కళ్లు తెరిపించడం, కొబ్బరికాయ కొట్టడం అతని పద్ధతి. ఈ బొమ్మకు ఆ అవకాశమే లేదు. పైగా ఎన్నిసార్లు దిద్దినా ఆ మూసిన కళ్లు నిద్రపోతున్నట్టే ఉన్నాయి. "గురక ఒక్కటే తక్కువ," అన్నాడు రహమతుల్లా మొన్న.

డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. "రాజుగారు కళ్లు తెరిపించమంటున్నారండి."

"బసవేశ్వరరావు గారూ, ఆ రెప్పల కోసమే నేను మీ దగ్గరికొచ్చింది. తెరిపిస్తే ఆయన ఇంకెవరో అవుతారు. నాకొద్దండి ఆ బొమ్మ."

బుధవారమంతా షెడ్డులో ఈ గోడనుంచి ఆ గోడకు తిరిగాడు. తెరిపిస్తే పని పోతుంది. తెరిపించకపోతే బీట ఆగదు, అచ్చు పొయ్యడానికి వీల్లేదు.

గురువారం పొద్దున బీటలు రెప్ప మధ్యకు వచ్చాయి. ఇక తెరిపించేద్దామని వెదురుచాకు తీసుకున్నాడు. విషయం తెలిసి రహమతుల్లా బోర్డును పట్టించుకోకుండా వచ్చేశాడు.

"ఆగు బసవన్నా! తొందరపడకు."

"నువ్వు జరుగు. రాజుగారే అడుగుతున్నారు."

జయలక్ష్మీ ఆ మాట విని లోపలికి వచ్చింది. కాఫీ గ్లాసు అతని ఎడంపక్క స్టూలు మీద పెట్టింది. చాకు ఎత్తబోతూ అతను మోచేత్తో దాన్ని దొర్లించాడు. కాఫీ నేలమీద పారింది. ఆమె ఈసారి గుడ్డ కోసం వెళ్లలేదు. ఖాళీ గ్లాసు తీసి అలాగే పట్టుకుంది.

"ఏవండీ, తల తిప్పకుండా చెప్పండి. నా చేతిలో ఏముంది?"

"ఎక్కడున్నావు నువ్వు?"

ఆమె అతని ఎడంభుజానికి మూరెడు దూరంలో ఉంది. రహమతుల్లా నెమ్మదిగా నడిచి కుడిపక్కకు వెళ్లి నిలబడ్డాడు.

"నేను?"

"నువ్వు వెళ్లిపోయావనుకున్నానే!" అన్నాడు బసవేశ్వరరావు, రాజుగారి ముక్కు మీదనుంచి చూపు తిప్పకుండా.

రహమతుల్లా బొమ్మ రెప్పలు చూశాడు, తర్వాత స్నేహితుణ్ని చూశాడు.

"మూడు రోజులుగా లోపలున్నది నువ్వొక్కడివే అన్నా."

"నాకు నొప్పి లేదుగా!"

"నొప్పి లేని జబ్బులుండవా?" అంది జయలక్ష్మి. ఆమె చెయ్యి చాచింది. "చాకు నాకివ్వండి."

ముగ్గురూ రైలెక్కి బాపట్లలో కంటిడాక్టరు దగ్గరికి వెళ్లారు. నీటికాసులన్నాడాయన. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచులనుంచి లోపలికి తరిగిపోతూ వస్తుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. తెలిసేటప్పటికి ఏమీ మిగలదు.

"పోయింది తిరిగి రాదండి. మిగిలింది కాపాడుకోవచ్చు. ఇంకో ఏడాది ఆలస్యమైతే అదీ చెప్పలేకపోయేవాణ్ని. చుక్కలు పొద్దునా సాయంత్రం, జీవితాంతం. వేశాక అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవాలి."

"అయిదు నిమిషాలా? ఈయనా?" అంది జయలక్ష్మి.

ప్రసన్నలక్ష్మి సంగతి విని, శుక్రవారం బదులు సోమవారం వస్తానంది.

మొదటిరోజు అతను నిమిషానికొకసారి "అయిందా?" అని అడిగాడు. రెండోరోజు రెండుసార్లడిగాడు. మూడోరోజు, ఆదివారం పొద్దున, షెడ్డులో రాజుగారికి ఎదురుగా కూర్చుని చుక్కలేయించుకున్నాడు. రేపల్లె రైలు కూత వినిపించింది. ఎడంవైపునుంచి జయలక్ష్మి అడుగులు వచ్చాయి. మూసిన రెప్ప కింద తన కన్ను ఆ అడుగుల వైపు తిరగడం అతనికి తెలిసింది. రెప్ప మూసుకుంది కానీ కన్ను ఊరుకోవడం లేదు, అది వింటోంది.

అయిదు నిమిషాలూ అయినా అతను లేవలేదు. ఇంకాసేపటికి లేచి, తడిబొటనవేలితో రాజుగారి రెప్పల కింద, కనుగుడ్డు ఉండేచోట, నువ్వుగింజంత ఉబ్బు తెచ్చాడు. వచ్చేవాళ్ల వైపు, కొంచెం కిందికి. బీటలు మూడు రోజులుగా పెరగలేదు. వాటిని మాత్రం మెత్తలేదు. అవి తనవి, అచ్చులోకి వెళ్తే వెళ్లనీ అనుకున్నాడు.

గేటు దగ్గర బోర్డు విప్పి పొయ్యి పక్కన పడేశాడు. పదింటికి వెంకటసుబ్బులు కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"రాజుగారు నిద్ర లేచారేంటన్నయ్యా!"

బసవేశ్వరరావు తల పూర్తిగా ఎడమకు తిప్పి చూశాడు. అలా చూడటం ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకుంటున్నాడు. గంప దింపుకుంటున్న సుబ్బులు కనిపించింది.

"లేచారు. కూర్చో," అని గుప్పెడు తడిమట్టి చేతిలోకి తీసుకున్నాడు.