ఫుసీ అత్తయ్య చాప

ఏటా జూన్‌లో ఫాతూకి దీవికి పెద్ద పడవ వచ్చిందంటే అందులోంచి సియాలే దిగుతుంది. రాజధాని నుకుఅలోఫాలోని గణాంకాల ఆఫీసులో ఆమె పని దీవుల ఎదుగుదలను కొలవడం. జనం ఎంత దాచుకున్నారు, ఎంత అప్పు తెచ్చుకున్నారు, సంపాదనలో అది ఎన్నో వంతు, పోయినేడాదికీ ఇప్పటికీ తేడా ఎంత. అప్పు పెరిగితే ఎదిగినట్టు లెక్క. ఆ లెక్క ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, సొంత ఊరు పీకల్లోతు అప్పులో మునిగిందని చూపించినందుకు సియాలేకు ప్రమోషన్ రాబోతోంది.

ఫాతూకిలో అప్పు పుట్టేది పరపతి సంఘం గోదాములో. అక్కడ తనఖా పెట్టేది చాపలు. మొగలాకును సన్నగా చీల్చి నెలల తరబడి అల్లిన చాపలు, పెళ్లికీ చావుకీ ఇల్లు మారే చాపలు. ఒకరు మనసారా ఇచ్చి ఇంకొకరు పుచ్చుకుంటే చాప బెత్తెడు పెరుగుతుంది. తాళం వేసి ఉంచితే కుంచించుకుపోతుంది. మొగలాకు సంగతి అంతే మరి. వెనకటి అప్పులు కొబ్బరి అమ్మగానే తీరిపోయేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఏళ్లకేళ్లు పడుతున్నాయి.

సియాలే మేనత్త ఫుసీ చాప పదేళ్లకు పైగా లోపలే ఉంది. సియాలే చదువు కోసం తండ్రి పెట్టిన తనఖా అది. తమ్ముడి ఇంట్లో ఏ పనైనా వద్దనే హక్కున్న అక్క, ఆ రోజు వద్దనలేదు. ఉద్యోగం వచ్చాక సియాలే జీతంలోంచి కడుతూ కడుతూ చివరి వాయిదా పోయిన నెలలో తీర్చింది. ఈసారి లెక్కల కంటే ముందు చాప విడిపించుకుంది. అత్తయ్య మంచం పట్టి ముద్ద మింగడం లేదు. తన తల్లి అల్లిన ఆ చాప కప్పుకునే మట్టిలోకి వెళ్లాలన్నది ఆమె ఒక్కగానొక్క కోరిక.

ఒకప్పుడు నలుగురు మోసిన చాపను గుమాస్తా చంకలో పెట్టుకొచ్చాడు. విప్పి చూస్తే పసిబిడ్డ పక్కగుడ్డంత ఉంది.

అత్తయ్య దాన్ని చేత్తో తడిమి చూసింది. "నా నడుం దాకా కూడా రాదు కదే."

"నా వల్లే అత్తయ్యా."

"నీ వల్లే. ఏడిస్తే పెరగదు, పట్టుకెళ్లి ఎవరికైనా ఇచ్చెయ్. మళ్లీ నాకోసం తెస్తారని మనసులో కూడా అనుకోకు. అనుకున్నావంటే అదీ అప్పే అవుతుంది."

సియాలే గడప గడపా తిరిగింది. ఆడవాళ్లు చాపను చూసి కళ్లు దించుకున్నారు. పుచ్చుకుంటే బదులు పెట్టాలి, బదులు పెట్టాల్సిన చాపలన్నీ గోదాములో ఉన్నాయి. వాటిలో ప్రతిదాన్నీ తనే ఎదుగుదల కింద జమ వేసిందని తలుచుకుంటే సియాలేకు సిగ్గేసింది. చివరికి బాలింత హెనెలీ ఇంటికి వెళ్లింది.

"బదులు వద్దంటావేంటి? నేనేమన్నా అడుక్కుతింటున్నానా?" అంది హెనెలీ.

"నీకెవరిచ్చారు? పిల్లకిస్తున్నా. దానికింకా సిగ్గెగ్గులు రాలేదుగా."

హెనెలీకి నవ్వొచ్చింది. పిల్లను చుట్టగానే చాప అంచు బెత్తెడు సాగింది. అత్తయ్య కోసం త్వరగా చేతులు మార్చమ్మా అన్న మాట సియాలే నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

చాప నిజంగానే కదిలింది. హెనెలీ దాన్ని చెల్లెలి పెళ్లికి ఇచ్చింది, చెల్లెలు పడవెక్కి అత్తవారి దీవికి పట్టుకుపోయింది. ఆ వారమే అత్తయ్య పోయింది.

తమ్ముడి బిడ్డ కాబట్టి, అక్కడి ఆనవాయితీ ప్రకారం సియాలే శవం దగ్గరికి వెళ్లకూడదు. నడుముకు చిరుగుల చాప చుట్టుకుని, పెరట్లో పొయ్యిల దగ్గర ఉండాలి. ఆఫీసుకు కట్టుకునే నడుము చాపను అత్తయ్యకు కప్పమని లోపలికి పంపింది. కప్పాక కాళ్లు బయటే ఉన్నాయని లోపల ఎవరో అనడం పొగలోంచి వినపడింది. గుండె పగిలేలా ఏడ్చింది.

తుపానుల కాలం పోయాక ఒకనాడు పడవ మనుషులు ఒక పెద్ద చాప చుట్టను మోసుకొచ్చి ఆఫీసు గుమ్మంలో దించారు. ఉత్తరాన ఏదో దీవిలో ఒక ముసలామె సియాలేకు ఇమ్మందట. అత్తయ్య చాపే అది, చేతులు మారీ మారీ ఇప్పుడు తలుపులో పట్టడం లేదు. అదే వారం అన్ని దీవుల్లోనూ ఇలాంటి గోదాములు పెట్టాలన్న ఉత్తర్వు మీద డైరెక్టరు మాహే సంతకం చేయాల్సి ఉంది. ఆధారం సియాలే లెక్కలే. చాపను సాయంత్రం దాకా స్టోరు గదిలో పెట్టించమన్నాడాయన.

సియాలే నేలమీద కూర్చుని, అందరూ చూస్తుండగా చాపను ఆయన ముందు పరిచింది. "ఇది మీకేనండీ."

మాహే ఇరకాటంలో పడ్డాడు. కాదంటే మర్యాద కాదు, సరితూగేది ఇద్దామంటే ఇంట్లో లేదు. "బదులేం కావాలమ్మా?" అన్నాడు మెల్లిగా.

గోదాములు తెరిపించండి అనాలని ప్రాణం కొట్టుకుంది. "ఏమీ వద్దు," అంది సియాలే. చాప బెత్తెడు పెరిగింది.

ఇస్తే పెరిగేదానికి తాళం వేయించబోయానని మాహేకు అప్పుడు తట్టింది. ఉత్తర్వు మీద సంతకం ఆ రోజూ పెట్టలేదు, తర్వాతా పెట్టలేదు. కొన్నాళ్లకు, ఆయన మాటతో ఫాతూకి గోదాము తెరిచారనీ, చాపలు పేరుపేరునా ఇళ్లకు చేరాయనీ కబురొచ్చింది. ఊరంతా సియాలేను మెచ్చుకుంది. ఆమెకు మాత్రం సంతోషం రాలేదు. అత్తయ్యను తలనుంచి పాదాలదాకా నాలుగు మడతలు కప్పగల చాప ఎవరి ఇంట్లోనో ఉంది, అత్తయ్య మట్టిలో ఉంది.