నేను దిద్దని మాట

"పది మాటలు చెప్పి రాయించడానికి ఇంత హడావిడా? పది నిమిషాల పని!" అన్నారు మావారు, సోఫా మీద చాపిన కాలు తీయకుండానే.

ఆ పది మాటలు సోమవారం బడి నుంచి వస్తాయి. శుక్రవారం పరీక్ష. మధ్యలో నాలుగు రోజులూ అవి నా నెత్తిమీదే ఉంటాయి. ఆసుపత్రిలో చీటీల కౌంటర్ దగ్గర రోజంతా రోగుల పేర్లు రాసి ఇంటికొస్తాను. చెప్పులు విప్పుతూనే మూడో తరగతి పెద్దదాన్ని వంటింటి గట్టు పక్కన, ఒకటో తరగతి చిన్నదాన్ని కింద పీట మీద కూర్చోబెడతాను. బెండకాయలు తరుగుతూ ఒక మాట, కుక్కర్ కూతకూ కూతకూ మధ్య ఇంకో మాట చెబుతాను. పెద్దదానికి ఒత్తులు గుర్తుండవు, చిన్నదానికి దీర్ఘాలు గుర్తుండవు. తప్పు రాసిన మాట చెరిపి మళ్లీ రాయించాలి, ఏడిస్తే ముక్కు తుడవాలి, ఈలోపు కూర మాడకుండా చూసుకోవాలి. ఇదంతా పది నిమిషాల పని. మా అత్తగారి లెక్కలో అయితే అసలు పనే కాదు. "కూర్చుని మాటలు చెప్పడం కూడా ఒక పనేనా అమ్మాయ్?" అంటారావిడ.

నేనింకో పని కూడా చేస్తాను, అది ఇంట్లో ఎవరి లెక్కలోకీ రాదు. పెళ్లికి ముందు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. ఆ సంగతి తెలిసిన మొదటి నెలలోనే మావారు ఆఫీసు ఉత్తరం ఒకటి తెచ్చి, "ఊరికే ఒకసారి కళ్లు తిప్పు" అన్నారు. ఆ ఊరికే పదకొండేళ్లయింది. నీటి సరఫరా ఆఫీసులో ఆయన రాసే ప్రతి నోటూ, ప్రతి సర్క్యులరూ ముందు నా పెన్సిల్ కింద నుంచి వెళ్లాలి. ఒక్క తప్పూ ఉండదని అక్కడ ఆయన్ని 'డిక్షనరీ సారు' అంటారట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోతుంది. ఆ వెలుగులో నేనెక్కడున్నానా అని మొదట్లో వెతుక్కునేదాన్ని. తర్వాత మానేశాను.

ఒక ఆదివారం ఆఫీసువాళ్లు నలుగురు భోజనానికొచ్చారు. నేను మంచినీళ్లు తెస్తుంటే ఒకాయన, "పిల్లల చదువు మీరే చూస్తారామ్మా?" అని మర్యాదగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మావారు అందుకున్నారు. "మూడో తరగతి డిక్టేషన్ వరకు ఫరవాలేదండీ. అదీ పుస్తకం ఎదురుగా ఉంటేనే!" నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. మంచినీళ్లు పట్టుకున్న ఆడది ఇంకేం చేస్తుంది? గ్లాసులు తొణక్కుండా బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ నవ్వు గుమ్మం దగ్గర నిలబడి మా పెద్దది కూడా విందని నాకప్పుడు తెలియదు.

ఆ గురువారం 'అర్థం' దగ్గర అది ఆగిపోయింది. "పొట్టలో చుక్క ఉన్న థ. చుక్క తీసేస్తే సగం అని మాట మారిపోతుంది" అన్నాను. అది నా వంక అనుమానంగా చూసింది. "నీకు పుస్తకం చూస్తేనే కదా వచ్చేది. నేను నాన్నని అడుగుతా" అని లేచి వెళ్లింది. హాల్లోంచి ఆయన గొంతు వినపడింది. "చుక్క ఏంటి, ఉత్త ధ. రాసేయ్." అది రాసేసింది. నేను ఎంత చెప్పినా మార్చలేదు. శుక్రవారం పదికి తొమ్మిది తెచ్చుకుంది. పుస్తకం చూసి ఆయన, "ఇంట్లో తల్లి ఉండి ఏం లాభం?" అన్నారు. చెప్పింది మీరే అన్నాను. "ఒక చుక్క లేకపోతే కొంపలేం మునిగిపోవులే" అన్నారు.

ఆయన అన్నందుకు కాదు. ఎనిమిదేళ్ల పిల్ల నన్ను చూసిన చూపుంది చూశారా, అది తిన్నగా వచ్చి గుండెలో దిగింది. ఆయన ఎగతాళి నాతోనే పోతుందనుకున్నాను. అది నా కూతురి కళ్లలోకి కూడా చేరింది. ఆ రోజు నుంచి నేను అదను కోసం చూశాను. అవును, చూశాను. మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇదంతా చెప్పడం లేదు.

అదను నెల తిరక్కుండానే వచ్చింది. ఆయన ఆఫీసులో పెద్దసారు రిటైరవుతున్నారు. సన్మాన పత్రం మావారే రాయాలి, ప్రింటు చేయించి ఫ్రేము కట్టించాలి, సభలో చదవాలి. వెళ్లేముందు పెద్దసారు తన పేరు పై పోస్టుకు సిఫారసు చేస్తారని ఆయన ఆశ. సాయంత్రం నేను స్కూలు యూనిఫారాలు ఇస్త్రీ చేస్తుంటే కాగితాలు బట్టల మీద పడేశారు. "ఇవి కూడా ఓ చూపు చూడు. నీ డిక్టేషన్లు అయ్యాకే లే."

పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. ఏడు తప్పులున్నాయి. ఆరు దిద్దాను. ఏడోది చివరి వాక్యంలో ఉంది. 'మీ మేలు పొందిన నేను జీవితాంతం కృతఘ్నుడిని.' రెండు మాటలకూ తేడా తెలియక, కృతజ్ఞుడిని అని రాయాల్సిన చోట ఆ మాట రాశారు. చేసిన మేలు మర్చిపోయేవాణ్ణి అని ఒప్పుకుంటూ, కింద సంతకం కూడా పెట్టారు. పెన్సిల్ ఆ మాట మీద చాలాసేపు ఆగింది. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే కదలబోయింది. ఎడం చేత్తో కుడిచేతిని పట్టుకున్నాను. కాగితాలు మడిచి ఆయన బ్యాగులో పెట్టేశాను.

సభకు మమ్మల్నందర్నీ తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుని చదివారు. చివరి వాక్యం దగ్గర గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నారు. పెద్దసారు ఫ్రేము అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఆ మాట మళ్లీ చదువుకున్నారు. తర్వాత మైకు తీసుకున్నారు. "ముప్పై ఆరేళ్ల సర్వీసులో నాకు సన్మానాలు చాలా జరిగాయి. ఇంత నిజం చెప్పినవాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నాను." హాలంతా గొల్లుమంది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మావారు కూడా నవ్వారు. మంచినీళ్లు మోస్తూ నేను నవ్విన నవ్వు సరిగ్గా అలాగే ఉండి ఉంటుంది.

"అమ్మా, కృతఘ్నుడంటే?" అంది పెద్దది. వంటింట్లో చెప్పినట్టే, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. అర్థం కూడా చెప్పాను. గొంతు తగ్గించలేదు. వెనక వరసలోంచి ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల స్టేజి వైపు చూసింది, నా వైపు చూసింది. ఈసారి ఆ చూపులో అనుమానం లేదు.

ఇంటికొచ్చేసరికి ఆయనకు ఎవరో చెప్పేశారు. తలుపు వేసీ వేయకముందే మా అత్తగారు అందుకున్నారు. "మొగుడి పరువు నడిబజార్లో పెట్టావు కదే!" ఆయన ఆవిణ్ణి చేత్తో ఆపి నా ఎదురుగా నిలబడ్డారు. మొహం కందగడ్డలా ఉంది.

"ఆ కాగితం నువ్వు చూశావా, లేదా?"

"చూశానండీ. అక్షరం అక్షరం చూశాను."

"మరి ఆ మాట కనపడలేదా?"

"కనపడింది."

"తప్పని తెలిసీ వదిలేశావా?"

లోపల భయం ఉందేమో అని చూసుకున్నాను. జాలి కూడా ఉందేమో అని వెతికాను. రెండూ లేవు.

"మిగతా ఆరూ తప్పులండీ, దిద్దాను. అదొక్కటే మీరు ఉన్నదున్నట్టు రాశారు."