నక్షత్రం పెట్టిన నంబర్లు

మా అత్తగారు కుట్టుమిషన్ అమ్మేస్తున్నానని పొద్దున్నే ప్రకటించారు. సాయంత్రం వీధి చివరి దర్జీ వచ్చి తీసుకెళ్తాడట. ఆ మాట చెప్పి, గుడ్డముక్క తీసుకుని మిషన్ తుడుస్తూ కూర్చున్నారు. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

"కంటి ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరే చెప్పాడు కదా అత్తయ్యా! కొత్త కళ్ళజోడు అలవాటవడానికి టైం పడుతుంది."

"అలవాటు చేసుకుందామనే చూస్తున్నానమ్మా. సూది బెజ్జం అలికేసినట్టు ఉంటోంది. మొన్న పక్కింటి పిల్ల గౌనుకి చెయ్యి తిరగేసి కుట్టిచ్చాను. వాళ్ళమ్మ పల్లెత్తు మాట అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది."

"ఆ కళ్ళజోడు మా వర్క్‌షాపులో చేసిందే. లేబుల్ నా చేతుల మీదుగానే వెళ్ళింది. తప్పుండదు."

"అయితే తప్పు నా కళ్ళదేలే," అన్నారావిడ. ఇంక మాట్లాడ్డానికేముంది? బ్యాగు భుజాన వేసుకుని బయటపడ్డాను.

బయటపడ్డానన్నమాటే గానీ మనసు ఇంట్లోనే ఉంది. మా ఇంట్లో ఆవిడ కోపమైనా, సంతోషమైనా, నా మీద అలకైనా ముందు ఆ మిషన్ చప్పుడులోనే తెలిసేవి. ఇప్పుడది మూగబోయింది. ఆవిడ గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. అన్నం కూడా పిలిస్తేనే తింటున్నారు. మిషన్ గడప దాటిందంటే ఆవిడ ఇక ఆ కుర్చీలోంచి లేవరేమోనని నా భయం. ఆ భయమే నోటి దగ్గరికొచ్చేసరికి విసుగై బయటికొస్తోంది.

నేను పనిచేసేది కళ్ళద్దాల వర్క్‌షాపులో. కంటి ఆసుపత్రి నుంచి మాకు రోజూ ఒక స్ప్రెడ్‌షీట్ వస్తుంది. అందులో ఆర్డరు నంబరు, దాని పక్కన పవర్ ఉంటాయి. మా షీటులో నేను నంబరు కొడితే, లుకప్ ఫార్ములా వాళ్ళ షీటులోకి వెళ్ళి ఆ నంబరు వెతికి, పక్కనున్న పవర్ తెచ్చి లేబుల్ మీద పెడుతుంది. ఆ లేబుల్ చూసి మేస్త్రీ అద్దం అరగదీస్తాడు. ఫార్ములా నాకు ముందు పనిచేసినవాళ్ళెవరో రాసి పెట్టిపోయారు. అదెప్పుడూ పేచీ పెట్టలేదు, దాని జోలికి నేనూ వెళ్ళలేదు.

సీట్లో కూర్చోగానే అత్తగారి నంబరు కొట్టాను. పవర్ ఒకటింపావు అని వచ్చింది. ఆవిడకిచ్చిన కళ్ళజోడూ ఒకటింపావే. 'ఇంకేం, ఇది ఫోటో తీసి పంపిస్తే సరి' అనుకున్నాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది గానీ, గెలిచేటప్పుడు పూర్తిగా గెలవడం నాకు సరదా. ఆసుపత్రివాళ్ళ షీటులో ఆవిడ వరస కూడా ఫోటో తీసి జత చేద్దామని, దాన్ని తెరిచి కిందికి జరుపుకుంటూ వెళ్ళాను.

నంబరు కనిపించింది. దాని చివర ఒక చిన్న నక్షత్రం గుర్తు ఉంది. పవర్ రెండున్నర.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. రెండున్నరే. ఒకటింపావు దాని పై వరసలో ఉంది. అది ఇంకెవరిదో.

ఆసుపత్రి కౌంటరుకి ఫోన్ చేశాను. "ఆ స్టారా మేడమ్? ఆపరేషన్ అయినవాళ్ళకి పెడుతున్నామండీ. పెద్దవాళ్ళు కదా, మీరు కొంచెం ప్రత్యేకంగా చూస్తారని," అంది కౌంటరులో అమ్మాయి, మెచ్చుకుంటానేమో అన్నట్టు.

ప్రత్యేకంగానే చూశాం మరి! నక్షత్రం తగిలించాక అది మనకి నంబరే గానీ షీటుకి కాదు, ఏదో రాత. ఉత్త నంబరు కోసం వెళ్ళిన ఫార్ములాకి అది కనిపించదు. కనిపించకపోతే దొరకలేదని చెప్పాలా వద్దా? చెప్పదు. ఫార్ములాలో నాలుగోచోట ఖాళీగా వదిలేస్తే దాని పద్ధతే అంత: అడిగిన నంబరు లేకపోతే, దానికంటే చిన్నవాటిలో దగ్గరిదాన్ని పట్టుకొచ్చి, ఇదే మీరడిగింది అన్నట్టు నిలబెడుతుంది. ఆ ఖాళీలో 'ఫాల్స్' అని కొట్టి, ఫార్ములాని కింది దాకా లాగాను. అచ్చంగా ఆ నంబరే ఉంటే ఇమ్మని, లేకపోతే లేదని చెప్పమని దానర్థం.

అప్పటిదాకా బుద్ధిగా అంకెలు చూపించిన గళ్ళలో దొరకలేదు, దొరకలేదు అంటూ ఎర్రర్లు పడ్డాయి. ఒకటి కాదు, రెండు కాదు. చూశాను. చూశాను గానీ, నాకు కావలసిన వరస ఒక్కటే. ఆ పవర్ కాగితం మీద రాసుకుని మేస్త్రీ దగ్గరికి పరుగెత్తాను.

మేస్త్రీని మేమంతా 'నిదానం' అని పిలుస్తాం. ఆయనా ఆ పేరుకే పలుకుతాడు. కాగితం తీసుకుని ముందు తన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అర్జంటు అన్నా! అదే ఫ్రేము ఇంకోటి పెట్టెలో ఉంది. ఇప్పుడే కావాలి."

"మిషన్ మీద వేరే అద్దం ఉంది కదమ్మా. దించనీ."

దించాడు. నేను అత్తగారికి ఫోన్ చేశాను, కట్ అయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్. ఎత్తబోయి కట్ చేయడం ఆవిడకి ఈమధ్య మామూలైపోయింది. మా ఆయన ఫోన్ స్విచాఫ్. నిదానం అద్దం అంచు వేలితో తడిమి చూసి, ఇంకోసారి అరగదీసి, మళ్ళీ తడిమాడు. ఆయన చేతిలోంచి లాక్కోవాలనిపించింది. లాక్కుంటే పగులుతుంది. గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

కళ్ళజోడు చేతికొచ్చేసరికి సాయంత్రమైంది. ఎక్కిన బస్సు ఎక్కినచోటే ఆగిపోయింది. ముందున్న లారీ కదలదు, డ్రైవరు హారన్ ఆపడు. దిగి నడిచాను. నడక కాస్తా పరుగైంది.

మా మెట్ల కింద ట్రాలీ బండి ఉంది. దాని మీద మిషన్ ఉంది. దర్జీ తాడు బిగిస్తున్నాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి ఎటో చూస్తున్నారు.

"ఆగండి! బండి కదపకండి!" అని అరిచాను. మెట్లెక్కి ఆవిడ ముఖమ్మీది కళ్ళజోడు నేనే తీసేశాను. "ఇది మీది కాదత్తయ్యా. ఇంకెవరి పవరో మీకు పెట్టాం. ఇదిగో మీది."

ఆవిడ పెట్టుకున్నారు. దూరం సంగతి ఎలాగున్నా, దగ్గరది చూడాలిగా. మెట్లు దిగి మిషన్ దగ్గరికెళ్ళి, దాని మీద వేలితో గీత గీసి చూశారు. తర్వాత తాడు ముడి చూశారు. ముడి వేస్తున్న దర్జీని చూశారు.

"ఆ కాలరు ఎవరు కుట్టారు బాబూ?"

"నేనేనమ్మా."

"ఎడమ కొస పైకి లేచింది. మిషన్ దించు."

దర్జీ కాలరు తడుముకుని నవ్వేశాడు. "నా కాలరుకే వంక పెట్టాక ఇంకేం పట్టుకెళ్తానమ్మా," అంటూ తాడు విప్పాడు. తనూ నేనూ కలిసి మిషన్ లోపల పెట్టాం.

ఆవిడ కూర్చుని, దారం కొస తడిచేసి, ఒక్క ఊపులో బెజ్జంలోకి దూర్చారు. మిషన్ చప్పుడు మొదలైంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. గడప మీద కూలబడి నక్షత్రం కథంతా చెప్పాను. పొద్దున అన్న మాటలకి సిగ్గుగా ఉందని కూడా చెప్పాను. ఆవిడ ఊఁ కొడుతూ కుడుతున్నారు.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది.

"ఆ నక్షత్రం నాకొక్కదానికే పెట్టారా?"

కాదన్నట్టు తలూపాను. గళ్ళ నిండా పడ్డ ఎర్రర్లు కళ్ళముందు తిరిగాయి.

"అయితే వాళ్ళందరికీ కూడా ఇళ్ళల్లో అలవాటవుతుందనే చెప్తుంటారు," అన్నారు అత్తగారు. కోపంగా కాదు, కుట్టు చూసుకుంటూ మామూలుగానే అన్నారు. "మీ మేస్త్రీ ఇంటికెళ్ళిపోయుంటాడా?"

"నిదానం కదా. ఇంకా తాళం వేస్తూ ఉంటాడు."

ఫోన్ తీసి, తాళం వేయొద్దని మేస్త్రీకి చెప్పాను. చెప్పులు ఇంకా విప్పనే లేదు. అలాగే మళ్ళీ మెట్లు దిగాను.