పల్చటి బండ

నేను ఒక సమ్మెటను. అంతకుముందు లారీ ఇరుసును. ఎన్ని ఊళ్ళు తిరిగానో చెప్పలేను. తిరగడమే తప్ప ఊళ్ళు చూడటం ఇరుసు పని కాదు. లారీ ఒక వాగు దగ్గర బోల్తా పడింది. పాత ఇనుములో అమ్మితే తాండూరు కమ్మరి మోనాచారి కొన్నాడు. కొలిమిలో ఉన్నంతసేపూ ఇంకా తిరుగుతున్నట్టే కల. మెలకువ వచ్చేసరికి పొట్టిగా, రెండు మొహాలతో ఉన్నాను. మధ్యలో ఒక కన్ను. ఆ కంట్లో పిడిగా వెదురు కామ దిగగొట్టి, "ఇగ తిరుగుడు బంద్. ఎక్కుడు, దిగుడే నీ బతుకు" అన్నాడు మోనాచారి. చేసిన ప్రతి పనిముట్టుకూ అతను ఒక మాట చెప్పి పంపేవాడు.

నన్ను నాపరాతి గనిలో పనిచేసే భీమప్ప తీసుకెళ్ళాడు. ఆ చుట్టుపక్కల రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర లేపితే బండ. అక్కడ ఒక సంగతి తెలుసుకున్నాను. వానాకాలం బండల కింద కప్పలు చేరేవి. మందం బండను కొట్టి లేపితే కింది కప్ప గెంతుకుంటూ పోయేది. పల్చటి బండను కొట్టి లేపితే కప్ప కదలక అక్కడే ఉండేది. మందం బండ దెబ్బను తనలోనే ఉంచుకుంటుంది. పల్చటిది కిందికి పంపిస్తుంది. భీమప్ప కూడా చూశాడు. కానీ మనుషులకు కప్పల సంగతులు గుర్తుండవు.

గనికి కోత మిషన్లు వచ్చాయి. భీమప్ప నన్ను భుజాన వేసుకుని ఇంటికి వచ్చి తలుపు మూల ఆనించాడు. నిద్రపోయాను. నిద్రలో మళ్ళీ ఇరుసును.

లేపింది అల్లుడు మొగులప్ప. భీమప్ప కూతురు సుగుణ భర్త. ఊళ్ళో పిల్లలకు కరాటే నేర్పేవాడు. వార్షికోత్సవంలో వెల్లకిలా పడుకుని గుండె మీద బండ పెట్టించుకుంటానని, దాన్ని పగలగొట్టడానికి సమ్మెట కావాలని మామను అడిగాడు. ఎందుకని భీమప్ప అడిగితే పిల్లలకు ధైర్యం వస్తుందన్నాడు.

"బండ పలిగితే కంకర వస్తది అల్లుడా" అన్నాడు భీమప్ప. అయినా ఇచ్చాడు. అల్లుడు అడిగితే లేదనే మామ కాడు.

కొట్టేది ఎవరన్న దగ్గర పేచీ రాలేదు. భీమప్ప కొడుకు సిద్దప్ప బావ దగ్గరే కరాటే నేర్చి నల్ల బెల్టు కట్టాడు. బడి మైదానంలో స్టేజీ మీద అతను నన్ను ఎత్తగానే జనంలో నవ్వులు. బామ్మర్దికి బావ గుండె దొరికిందని ఒకరు, కట్నం బాకీ గుర్తు చేసుకుని కొట్టమని ఇంకొకరు. ముందు వరుసలో సుగుణ మాత్రం నవ్వలేదు. బయల్దేరేటప్పుడే తమ్ముడి చెయ్యి పట్టుకుని, "అక్క మొకం చూసి కొట్టురా" అంది.

ఆ ఏడు బండ మందంగా ఉంది. బండ రెండైంది. మొగులప్ప లేచి దుమ్ము దులుపుకున్నాడు. ఏటా అదే. బండ పగిలిన మర్నాడు కొత్త పిల్లలు చేరేవారు. కటాలు చూసి ఎవరూ చేరలేదు. కటా అంటే ఎదుట మనిషి లేకపోయినా ఉన్నాడనుకుని అడుగులు, చేతులు కదిపే సాధన. అది జరిగేటప్పుడు జనం పల్లీలు తినేవారు.

నాకు నచ్చింది దెబ్బ కాదు. పైకి వెళ్ళాక, కిందికి రాకముందు, ఒక చోటు ఉంటుంది. అక్కడ బరువుండదు. మైదానం చప్పుడు వినబడదు. కింద పడుకున్న మనిషి నిద్రపోతున్నట్టు ఉంటాడు. నేను కూడా నిద్రలోకి జారబోతాను. అప్పుడు సిద్దప్ప చేతులు లాగుతాయి.

మొగులప్పకు వయసు పైబడింది. ఒక ఏడు బండ ఎంచడానికి సుగుణ తనే వెళ్ళింది. భర్తకు బరువవుతుందని, మిషను కోసిన పల్చటి బండ తెచ్చింది. ప్రేమతో తెచ్చింది. దాన్ని చూడగానే నాకు కప్ప గుర్తొచ్చింది. కానీ సమ్మెటకు నోరు లేదు.

దిగాను. బండ పగిలింది. దాని కింద ఇంకొకటి కూడా విరిగింది. ఆ సంగతి నాకు తెలిసింది, కామలోంచి సిద్దప్ప అరచేతులకు తెలిసింది. మొగులప్ప లేచి జనానికి వంగి దండం పెట్టాడు. మామూలు కంటే తక్కువ వంగాడు. ఆటోలో ఇంటికి పోయేటప్పుడు దగ్గు వస్తే సలి పట్టిందని భార్యతో చెప్పాడు. సిద్దప్ప బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ సంగతి బావా బామ్మర్దులు ఎప్పుడూ ఎత్తలేదు.

మరుసటి ఏడు మొగులప్ప పడుకోలేదు. ఈసారి ఆడపిల్ల చేస్తుందని పోస్టరు వేయించాడు. ఆమె అంబిక, అతని శిష్యురాళ్ళలో మొదటిది. తను పడుకుంటానని అడిగింది కూడా ఆమే. కటాల్లో ఎన్ని పతకాలు తెచ్చినా ఊళ్ళో ఎవరూ ఆమె పేరు అనలేదు. బండ పగిలితే అంటారు. తల్లి చంద్రమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది.

"పల్చటి బండ పెట్టున్రి సారూ. ఆడిపిల్ల."

మొగులప్ప సరేనన్నాడు. నిరుటి దానికంటే పల్చటి బండ వచ్చింది. మనుషులు ఒకరిని ఎంత ప్రేమిస్తే అంత పల్చటి బండ తెస్తారని అప్పుడు తెలిసింది.

అంబిక పడుకుంది. ఇద్దరు పిల్లలు బండను ఆమె గుండె మీద పెట్టారు. మొగులప్ప మైకు పట్టుకుని జనాన్ని చప్పట్లు కొట్టమన్నాడు. సిద్దప్ప నన్ను ఎత్తాడు.

ఆ చోటికి వెళ్ళాను. కింద అంబిక కళ్ళు మూసుకుని ఉంది. చేతులు లాగుతాయని చూశాను. లాగలేదు. కామ మీద అరచేతులు తడిగా ఉన్నాయి. అక్కడే ఉండిపోయాను, కలలో ఉన్నట్టు.

తర్వాత అతను నన్ను పక్కకు దించి, చప్పుడు కాకుండా స్టేజీ మీద పెట్టాడు.

జనంలో ఈలలు. మొగులప్ప నోటి దగ్గర మైకు తియ్యకుండానే దగ్గరికి వచ్చాడు.

"కొట్టురా బామ్మర్ది."

"కొట్ట బావా."

"ఏందిరా? పల్చటిదే గదా."

"నిరుడు గూడ పల్చటిదే ఉండె." సిద్దప్ప అరచేతులు ప్యాంటుకు రుద్దుకున్నాడు. "నీ బొక్క ఇరిగిన సప్పుడు ఇంకా నా చేతులల్లనే ఉంది బావా."

మైకు నోటి దగ్గరే ఉంది. మైదానమంతా వినబడింది. ముందు వరుసలో సుగుణ లేచి నిలబడింది.

మొగులప్ప అబద్ధం అంటే సరిపోయేది. జనం నమ్మేవారు. సిద్దప్ప భయపడ్డాడనుకుని నవ్వేవారు. అతను మైకు కింద పెట్టాడు. బండ తియ్యడానికి వంగాడు. సగం వంగి ఆగిపోయాడు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. అంత పల్చటి బండను ఎత్తలేకపోయాడు.

సుగుణ మెట్లెక్కి వచ్చింది. భర్తను పక్కకు జరిపింది. బండకు ఒక కొస ఆమె పట్టుకుంది, ఇంకో కొస తమ్ముడు పట్టుకున్నాడు.

"లే బిడ్డా" అంది.

అంబిక లేచింది. కోపంతో ఏడుస్తోంది. పోస్టరు మీద ఫోటో వేసి పరువు తీశారంది. మొగులప్ప ఆమె ముందు నిలబడి, "కటా జెయ్యి" అన్నాడు. ఎవరు చూస్తారని ఆమె అడిగింది. "నేను జూస్త" అన్నాడు.

కింద ఉన్నాను కాబట్టి నాకు ఆమె పాదాలే కనిపించాయి. పలకల మీద దిగుతున్నాయి, చప్పుడు లేదు. జనంలో కొందరు వెళ్ళిపోయారు. చంద్రమ్మ స్టేజీ అంచు పట్టుకుని చివరిదాకా నిలబడింది.

ఆ ఏడు కొత్త పిల్లలు తక్కువ చేరారు. మొగులప్ప తాండూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీయించుకున్నాడు. ఎముక వంకరగా అతుక్కుందన్నారు. సుగుణ చాలా రోజులు అతనితో ముభావంగా ఉంది. అబద్ధం చెప్పాడని కొంత, బండ తెచ్చింది తనేనని కొంత.

ఇప్పుడు క్లాసు అంబిక నడుపుతోంది. ఆ బండను గోడవార ఇటుకల మీద వేశారు. పిల్లలు దాని మీద కూర్చుని బెల్టులు కట్టుకుంటారు. నేను గుమ్మంలో ఉంటాను, గాలికి తలుపు కొట్టుకోకుండా. కామ ఎండి వదులైంది. బిగుసుకునేలా ఎవరూ నీళ్ళలో నానబెట్టలేదు.

ఒకప్పుడు నిద్రలో ఇరుసునయ్యేవాణ్ణి. ఇప్పుడు ఆ కల రావడం లేదు. ఇంకోటి వస్తుంది. నేను పైన, ఆ చోట ఉంటాను. కింద ఒక పిల్ల కళ్ళు మూసుకుని ఉంటుంది. మైదానమంతా కొట్టు కొట్టు అంటుంది. నేను దిగను.