నాలుగు వందల పన్నెండో సెంటరు

కుర్చీ వెనక్కి లాగింది కానీ కూర్చోలేదు. వంగి, డెస్కు కింది సొరుగును ఒకసారి లాగి చూసింది. తాళం పడే ఉంది. నిన్న సాయంత్రం రెండుసార్లు లాగి చూసే వెళ్ళింది, అయినా మూడోసారి చూస్తే పోయేదేముంది. ఆ తరువాత చేతిరుమాలు కొస తడిపి కీబోర్డు మీటల మధ్య దుమ్ము తుడిచింది. తొమ్మిది మీట మీద అంకె ఎప్పుడో అరిగిపోయింది. ఆమె వేలికి ఆ మీట తెలుసు, కంటితో పనిలేదు.

సెక్షన్‌లో అందరూ ఆమెను లెక్కలక్కయ్య అంటారు. యాభై దాటింది. ఈ పార్సిల్ కంపెనీలో పందొమ్మిదేళ్ళుగా ఒకటే పని. నాలుగు వందల పదకొండు సెంటర్ల నుంచి రోజూ వచ్చే లెక్కలను సరిచేస్తే, పదకొండింటికి కంప్యూటరే వాటిని రిపోర్టుగా పైవాళ్ళకు పంపుతుంది. ఎన్ని పార్సిళ్ళు వచ్చాయి, ఎన్ని చేరాయి, ఎన్ని తిరిగొచ్చాయి. వినడానికి ఇంతే. కానీ ఒక సెంటరు తేదీలో నెలను ముందు వేస్తుంది. ఇంకో సెంటరు అంకె ఉండాల్సిన గడిలో ‘తర్వాత చెప్తాం’ అని రాస్తుంది. ఎనభై ఏడో సెంటరాయనకు బద్ధకమెక్కువ, సోమవారం గడి ఖాళీగా వదిలేసి మంగళవారం రెండు రోజులదీ కలిపి వేస్తాడు. ఇవేవీ ఏ పుస్తకంలోనూ ఉండవు. ఆమె తన ఫైలులో, ఏ గడి సంగతి ఆ గడి పక్కనే, తనకోసం చిన్న చిన్న వ్యాఖ్యలుగా రాసుకుంది.

ఆ ఫైలును ఎవరో తెరుస్తున్నారు.

ఎవరో ఏమిటి, కొత్తమ్మాయే. పక్క సీటు. చేరి ఏడాది దాటినా ఇంకా కొత్తమ్మాయే. ఫైలు ఎవరు ఎప్పుడు తెరిచారో కంప్యూటరే రాసిపెడుతుంది. మూడు వారాలుగా, తాను క్యారియరు తీసుకుని భోజనాల గదికి వెళ్ళగానే, ఒంటిగంటా పదికి ఆ పిల్ల పేరు. ఒకటీ నలభైకి మూసేయడం. తాను తిరిగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు “తిన్నారా అక్కా?” అని పలకరింపు.

ఎందుకో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వచ్చే నెల నుంచి ఈ పనికి ఇద్దరు అనవసరమని మేనేజరు చెప్పేశాడు. ఎవరుంటారన్నది ట్రైనింగ్ పోర్టల్లో ఎవరెన్ని కోర్సులు పూర్తిచేశారో చూసి తేలుస్తారట. కొత్తమ్మాయి పేరు పక్కన పదకొండు కోర్సులున్నాయి. లెక్కలక్కయ్య పేరు పక్కన ఒకటి. అదీ ఆఫీసులో నిప్పంటుకుంటే ఏ మెట్ల మీదుగా దిగాలో చెప్పేది. ఆ పిల్లకు లేనిదల్లా ఈ పందొమ్మిదేళ్ళ ఫైలు. అది కూడా చేతికొస్తే ఇక తనతో పనేముంది?

ఇంట్లో చెబితే భర్త నవ్వాడు. “నీ అనుమానానికి కూడా ఒక తాళం కప్ప కొనవే. మళ్ళీ ఆ తాళం ఎవరు తీశారా అని నన్ను చంపుతావనుకో.”

ఆయనకు సబ్బుపొడి కథ ఒకటి దొరికింది కదా, అందుకని అంత నవ్వు. ఎప్పుడో డబ్బా లోపల పొడి మట్టానికి పెన్సిలుతో గీత గీసి, పనిమనిషిని పట్టుకుందామని చూసింది. పట్టుబడింది ఆయనే. ఆదివారాలు స్కూటరు కడగడానికి గుప్పెళ్ళకు గుప్పెళ్ళు తీస్తున్నాడు. ఆ సంగతి ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తాడు. ఆమె మాత్రం గీత పనిచేసిందా లేదా అనే చూస్తుంది.

నిన్న సాయంత్రం ఫైలులోనూ అలాంటి గీతే ఒకటి గీసింది. నాలుగు వందల పదకొండో వరుస కింద లోకంలో లేని సెంటరు ఒకటి చేర్చింది. నాలుగు వందల పన్నెండు. వచ్చినవి ఆరు వందల నలభై, చేరినవి ఆరు వందల పన్నెండు, తిరిగొచ్చినవి ఇరవై ఎనిమిది. నిజంలా ఉండాలని పక్కన ‘సెంటరాయన కొత్త, తేదీలు చూసుకోవాలి’ అని వ్యాఖ్య కూడా పెట్టింది. కొత్తమ్మాయి కోర్సు కోసమని ఏదో ప్రాజెక్టు చేసుకుంటోంది. అందులో ఈ సెంటరు కనబడిందా, దొరికినట్టే.

పదిన్నరకు, మూడు వారాల తేదీలూ వేళలూ రాసుకున్న కాగితం తీసుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివాడు.

“రోజూనా?”

“ఆదివారాలు తప్పించి.”

“మీరేమైనా చూడమన్నారా?”

“నేనా? నా సొరుగు తాళమే ఎవరికీ ఇవ్వను సార్.”

“సరే, నేను చూస్తాను,” అని ఆయన ఫోను తీసి, ఇంకెవరితోనో మొదలుపెట్టాడు. వెళ్ళమన్నాడో ఉండమన్నాడో తెలియక ఆమె నిలబడింది. బయటికొచ్చేసరికి గోడ గడియారంలో పదకొండూ ఐదు.

సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది. పదకొండు. రిపోర్టు వెళ్ళిపోయింది. నాలుగు వందల పన్నెండును తీయలేదు! పొద్దున రాగానే తీసి దాచి, రిపోర్టు వెళ్ళాక మళ్ళీ పెట్టాలని అనుకుంది. ఫిర్యాదు హడావిడిలో మరిచిపోయింది. పందొమ్మిదేళ్ళలో ఒక్క అంకె తప్పు పోనివ్వని మనిషి, ఏకంగా ఒక సెంటరునే పుట్టించి పైకి పంపింది.

రిపోర్టు తెరిచింది. మొత్తం సెంటర్లు: 411.

“అక్కా,” కొత్తమ్మాయి కుర్చీ చక్రాల మీద దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది. “మీరు లోపలున్నారని నేనే తీసేశానక్కా. ఎక్కడా లేని సెంటరు ఒకటి దూరింది మీ ఫైల్లోకి. సెంటర్ల పట్టీలో చూశా, ఫోన్ల పుస్తకంలో చూశా, లేదు. పదకొండు కొట్టేస్తోంది, ఏం చెయ్యాలో తోచలా.”

“నా ఫైలు నీకెందుకు?”

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. “అడుగుదామనే అనుకున్నా. చేరిన కొత్తలో ఒకసారి అడిగితే కసిరారుగా. ఆ పోర్టల్లో పాఠాలన్నీ ఇస్త్రీ చేసిన లెక్కలే అక్కా. అన్ని గడులూ నిండుగా, అన్ని తేదీలూ తిన్నగా. మనకొచ్చేవి అట్లా ఉంటాయా చెప్పండి? పదకొండు కోర్సులు చేశా, ఎనభై ఏడో సెంటరు సోమవారం ఎందుకు ఖాళీయో ఒక్కడూ చెప్పలేదు. మీరు రాసిపెట్టుకున్నారు.”

లెక్కలక్కయ్య తెర వైపు తిరిగింది. ఇంత తీయగా ఎందుకు చెబుతోంది? నాకు తెలిసిపోయిందని దీనికి తెలిసిపోయిందా?

పన్నెండింటికి అందరి తెరల మీదా కెరీర్ సలహాదారు ప్రత్యక్షమయ్యాడు. మెడకు బిగుతుగా కోటు, వెనక అద్దాల గోడ. ఏ సాఫ్ట్‌వేర్ ముందు నేర్చుకోవాలి, ఏ పరీక్ష రాయాలి, చేసిన పనిని నలుగురికీ ఎలా చూపించుకోవాలి అని అరగంట చెప్పాడు. తెలిసింది దాచుకునేవాడు ఎదగడు, పంచేవాడే ఎదుగుతాడు అన్నాడు. చెప్పేవాడి ఉద్యోగం భద్రమే, అనుకుంది ఆమె. తాను చేరిన కొత్తలో పక్క సీటు పెద్దావిడ, ఈమె అటు తల తిప్పితే చాలు, తెరకు అరచెయ్యి అడ్డం పెట్టేది. చూసి నేర్చుకోవడానికి లేదు. తప్పులు చేసి, తిట్లు తిని, ఒక్కొక్క సెంటరు గుణమూ తనే పట్టుకుంది. ఆ పెద్దావిడ రిటైరయ్యే దాకా ఎవరూ ఆవిడను కదిలించలేదు. చెయ్యి అడ్డం పెట్టిన మనిషే చివరిదాకా మిగిలింది.

అయినా భోజనం సగంలో లేచి, మేనేజరు గది దాకా వెళ్ళింది. ఆ వరుస నేనే పెట్టాను సార్, అబద్ధపు వరుస, ఆ పిల్ల తీసి మంచి పనే చేసింది. మాటలు వరుసగా పేర్చుకుంది కూడా. అద్దం తలుపులోంచి ఆయన ఫోనులోనే ఉండి, రెండు నిమిషాలన్నట్టు వేళ్ళు చూపించాడు. ఆమె రెండు నిమిషాలు నిలబడింది. రిపోర్టు ఫైలులో లేని సెంటరు పెట్టానని ఒప్పుకుంటే, పోయే సీటు ఎవరిది? మూడో నిమిషంలో వెనక్కి వచ్చేసింది.

మూడున్నరకు మేనేజరు ఇద్దరినీ పిలిచాడు. ఎదురుగా తెర మీద ఫైలు చరిత్ర.

“తెరిచావు, సరే. చదువుకోవడానికంటున్నావు, ఒప్పుకుందాం. కానీ ఇవాళ పదీ యాభై రెండుకి ఒక వరుసే లేపేశావేంటమ్మా? ఇంకొకళ్ళ లెక్క మీద చెయ్యి పెట్టకూడదని మొదటి రోజే సంతకం పెట్టించుకున్నాం కదా?”

“అది తప్పు వరుస సార్. అక్క పనిలో ఉన్నారని...”

ఆయన లెక్కలక్కయ్య వైపు తిరిగాడు. “ఆ వరుస మీరు పెట్టిందేనా?”



“నేను పెట్టిందే సార్,” అంది.

అది నిజమే. అంతకు మించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. కొత్తమ్మాయి చప్పున తలెత్తి ఆమెను చూసింది. పొరపాటున దూరిన వరుస కాదని, పెట్టిన వరుసని, అప్పుడే అర్థమైనట్టుంది. ఆ తరువాత మేనేజరు అడిగినదానికి దేనికీ జవాబు చెప్పలేదు.

నాలుగింటికల్లా ఆ పిల్ల తెర నల్లబడింది. మంచినీళ్ళ సీసా, దువ్వెన, శాలువా సంచిలో పెట్టుకుంది. మెడలోని కార్డు తీసి, తాడును చుట్ట చుట్టి బల్ల మీద పెట్టింది. కుర్చీని లోపలికి నెట్టి, “వెళ్ళొస్తానక్కా,” అంది. దెప్పుతున్నట్టు లేదు, రోజూ అన్నట్టే అంది. ఎందుకలా అందో లెక్కలక్కయ్యకు అంతుబట్టలేదు.

అయిదున్నరకు, శనివారం సెలవు కాగితం ప్రింటు తీద్దామని మూలనున్న ప్రింటరు దగ్గరికి వెళ్ళింది. కాగితాలు అయిపోయి ఉన్నాయి. పక్కనున్న కొద్ది కాగితాలు సర్ది పెట్టగానే, తన సెలవు కాగితం కంటే ముందు, మధ్యాహ్నం నుంచి ఆగిపోయి ఉన్నదేదో గబగబా రావడం మొదలుపెట్టింది. మొదటి పేజీ తీసి చూసింది. ‘కొత్తగా చేరినవారికి పార్సిల్ లెక్కల పాఠాలు’. కింద ‘రాసినవారు’ అని ఉండి, ఎదురుగా ఆమె పేరు. ఇంటిపేరుతో సహా. ఆ కింద, ‘ట్రైనింగ్ పోర్టల్లో అక్క పేరు మీద కోర్సుగా పెట్టాలి, ఈ నెలాఖరు లోపు’ అని ఉంది.

అన్నీ తన వ్యాఖ్యలే. సెంటరు నంబర్ల వరుసలో పేర్చి, తన మాటలను తన మాటల్లాగే ఉంచి. పద్నాలుగో పేజీలో, మామగారు పోయిన రోజు రాసింది. ‘తొందరగా వెళ్తున్నాను. 203 లెక్క సరిచూడలేదు.’ అలా రాశానని ఆమెకే గుర్తులేదు. దాని కింద సన్నని అక్షరాల్లో, ఫైలు చరిత్ర చూసి ఆ పిల్ల చేర్చింది: ‘అయిదో రోజు పనిలోకి రాగానే సరిచూశారు. తేడా ఒక్క పార్సిలు.’

ఇందులో ఎక్కడో ఒక చోట ఆ పిల్ల తన పేరు పెట్టుకునే ఉంటుంది. నిలబడే, వచ్చిన పేజీలన్నీ తిప్పింది. లేదు. అనుమానం తీరక మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. మెట్ల మీద ఇంటికి వెళ్ళేవాళ్ళ చెప్పుల చప్పుడు తగ్గిపోయింది. ముప్పై ఎనిమిది పేజీల్లో ముప్పై ఒకటి వచ్చి ఆగిపోయాయి. కాగితం పెట్టమంటూ ప్రింటరు మీద ఎర్రదీపం వెలిగి ఆరుతోంది, ఆమె వదిలేసి వెళ్ళిన కట్ట ట్రేలో ఇంకా వెచ్చగానే ఉంది.