బోర్డు మీద ఆ మాట

శనివారం పొద్దున్నే జయంతి గారెల పిండి రుబ్బుతుంటే చక్రపాణి వంటింట్లోకి వచ్చి, ఆమె పెట్టబోయే క్లినిక్ బోర్డు మీద ‘బ్లాడర్’ అన్న మాట తీసేస్తే తప్ప లీజు మీద సంతకం పెట్టనన్నాడు. మోతలో భార్యకు వినపడలేదేమోనని గ్రైండర్ ఆపి మరీ ఇంకోసారి చెప్పాడు. "మా ఆఫీస్ వాళ్ళంతా రోజూ ఆ షాపు రోడ్డు మీదే స్టేషన్‌కి వెళ్తారు. యోగా సెంటర్ అని పెట్టుకో, ఎవరొద్దన్నారు?" మధ్యాహ్నం భోజనానికి స్నేహితులొస్తున్నారని, గారెలు కాస్త ఎక్కువే వెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె ఒక్కదాని ఆదాయం చాలదు, భర్త హామీ సంతకం కూడా కావాలన్నాడు షాపు ఓనరు. సోమవారంలోగా అది అందకపోతే షాపు ఇంకొకరికి పోతుంది. ఆ సంగతి చక్రపాణికి బాగా తెలుసు.

జయంతి ఫిజియోథెరపిస్టు. ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని, గ్రీన్ కార్డ్ వచ్చాక పరీక్షలు రాసి లైసెన్స్ తెచ్చుకుంది. కాన్పుల తర్వాత మూత్రం ఆపుకోలేక అవస్థపడే ఆడవాళ్ళకు చికిత్స చేస్తుంది. ఒక డాక్టరు ఆఫీసులో వారానికి రెండు రోజులు గది అద్దెకు తీసుకుని మొదలుపెడితే, తాముండే ఊరు నేపర్‌విల్‌లోని తెలుగు ఆడవాళ్ళు ఒకరి వెంట ఒకరు రాసాగారు. అందరి చంకలోనూ ఒక యోగా మ్యాట్. ఇంట్లో యోగాకని చెప్పి వచ్చేవారు. ఆ మ్యాట్లు ఏనాడూ విప్పిన పాపాన పోలేదు. దగ్గడానికి భయం, తుమ్మడానికి భయం, గుళ్ళో ప్రదక్షిణ చేయడానికి భయం. వీటన్నిటికీ తోడు మొగుడికి తెలిసిపోతుందేమోనన్న భయం.

వాళ్ళను చూసి నవ్వే హక్కు జయంతికి లేదు. కూతురు అనుష్క పుట్టాక తనదీ అదే బతుకు. అత్తగారితో చెప్పుకుంటే, ఆడపుటక పుట్టాక ఇవన్నీ మామూలేనమ్మా, బయటికి చెప్పుకుంటారా అని నోరు మూయించింది. చక్రపాణితో చెప్పుకుంటే అతను బయటికే చెప్పాడు. పిక్నిక్‌లో ఎవరో జోకు వేస్తే, "మా ఆవిణ్ణి నవ్వించకండ్రా బాబూ, మళ్ళీ డ్రెస్ మార్చుకోవాలి" అన్నాడు. పదిమందీ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని. ఇప్పుడు పిండిలో అల్లం, పచ్చిమిర్చి కలుపుతుంటే అదే గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు పోని పరువు ఇప్పుడు బోర్డు మీద పోతోందట! తను సిగ్గుతో చస్తే అది హాస్యం, ఆ జబ్బు నయం చేసి బతుకుతానంటే అప్రతిష్ఠ. అయినా అరవలేదు. సంతకం కావాలి. పేరు ఏదైతేనేం, లోపల చేసేది అదే పని కదా అని తనకు తనే నచ్చజెప్పుకుంటూ మూకుడు పొయ్యి మీద పెట్టింది.

భోజనాల దగ్గర చక్రపాణి, జయంతి యోగా సెంటర్ పెడుతోందని అందరికీ చెప్పేశాడు. అతని స్నేహితుడు రాధాకృష్ణ పక్కనున్న భార్యను చూపించి, శ్రీవిద్య కూడా ఏడాదిగా యోగాకే తిరుగుతోందని, ఇంట్లో ఒక్క ఆసనం వెయ్యగా చూడలేదని వెక్కిరించాడు. మగవాళ్ళు నవ్వారు. శ్రీవిద్య తుంచిన గారె ముక్క నోటిదాకా పోలేదు. ఆమె జయంతి వైపు పట్టుబడిన దొంగలా చూసింది. మొదటిరోజు శ్రీవిద్య తన గదిలో ఎంతసేపు ఏడ్చిందో జయంతికి తెలుసు. ఆ మాట ప్రాణం పోయినా బయటపెట్టదు. కానీ ఇప్పుడు తను యోగా అని తలూపితే ఈ చూపు ఎప్పటికీ పోదు. ఇంతవరకు వాళ్ళు మొగుళ్ళతో ఆడుతున్న అబద్ధం ఇక తన బోర్డే ఆడుతుంది.

"యోగా కాదండీ," అంది. "అనుష్క పుట్టాక నాకు నవ్వినా, దగ్గినా యూరిన్ పడిపోయేది. ట్రీట్‌మెంట్ చేయించుకున్నాక తగ్గింది. ఇప్పుడు నేను చేసేదీ అదే. బోర్డు మీదా అదే రాయిస్తున్నా."

చక్రపాణి మొహం కందగడ్డయింది. "దెన్ ఫర్‌గెట్ ద లీజ్," అన్నాడు, నెమ్మదిగా, అందరికీ వినపడేలా. "నేను సైన్ చెయ్యను."

జయంతి కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది. శ్రీవిద్య చేతిలోని ముక్క ప్లేట్లో పెట్టేసింది. భర్త వైపు చూడకుండా అడిగింది.

"జయంతీ, మంగళవారం నా అపాయింట్‌మెంట్ పాత చోటేనా?"

రాధాకృష్ణ తింటున్నవాడల్లా తలెత్తి భార్యను చూశాడు. ఒక్కొక్కరుగా ఆడవాళ్ళందరూ జయంతి వైపు తిరిగారు. అదే షాపు ఓనరుకు ఆ బిల్డింగ్ వెనకవైపు ఒక చిన్న గది కూడా ఉన్న సంగతి జయంతికి గుర్తొచ్చింది. దానికి ఆమె ఒక్కదాని సంతకం చాలన్నాడు. కిటికీ లేదని, ఇరుకని ఆమే ఇన్నాళ్ళూ వద్దనుకుంది.

"మంగళవారానికి పాత చోటే," అంది. "వచ్చే నెల నుంచి స్టేషన్ దగ్గర, వెనకాల గదిలో. బోర్డు మాత్రం రోడ్డు మీదే పెట్టిస్తున్నా."