ఏటవాలు కోత

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. కిటికీ దగ్గర గుడ్డ పరుస్తున్న అత్త, మంచం మీద కాళ్ళు చాపుకుని గుండీలు ఏరుతున్న నానమ్మ, పెట్టె మీద మోకాలు అదిమి జిప్పుతో కుస్తీ పడుతున్న అత్త తమ్ముడు, ఈ ముగ్గురి చెవులూ చిల్లులు పడేలా మాట్లాడుతున్న తమ్ముడి కూతురు. ఎనిమిదేళ్ళ పిల్ల. వీధంతా ‘లాయరు’ అని పిలుస్తుంది.

తమ్ముడికి ఉద్యోగం వేరే ఊరికి మారింది. సాయంత్రం బస్సుకి కూతుర్ని తీసుకుపోతాడు. అదే సాయంత్రానికి అత్త బడి స్కర్టుల మూట దుకాణంలో అప్పజెప్పాలి. రేపే బడి తెరుస్తారు.

“పగలంతా వెలిగి రాత్రికి ఆరిపోయే ఆ వీధిదీపం ఎవరికోసం అత్తా?”

“నాకోసమే. వెలుతురుకి అడ్డు తప్పుకో.”

ఏడాదిగా ఇదే వరస. సెలవు వస్తే పిల్లలందరూ ఉయ్యాలల దగ్గరికి పరిగెడతారు. ఈ పిల్లకి మాత్రం మురుగునీళ్ళు శుభ్రం చేసే చోటు చూడాలి. గేటు బయట నిలబడి కాపలావాణ్ణి ప్రశ్నలతో చంపాలి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అత్త పక్కనుండాలి. వానపాముల పుస్తకం పైకి ఎన్నిసార్లు చదివిందంటే, వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుందని అత్త నిద్రలో లేపినా చెబుతుంది. పిల్లలకి ఖాళీ ఉండే రోజే లైబ్రరీ ఎందుకు మూస్తారన్నది ఇంకా తేలని కేసు.

అత్త ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. పదో తరగతి తప్పాక మిషను ముందు కూర్చుంది, లేవలేదు. దుకాణదారు గుడ్డ ఇస్తే తలూపుతుంది, కొలతలు మారిస్తే తలూపుతుంది. కూరగాయలమ్మి పుచ్చు వంకాయలు వేస్తే ఇంటికొచ్చాక తిట్టుకుంటుంది.

“అక్కడి బడికి కుట్టే నా కొత్త స్కర్టుకి జేబులు కావాలి.”

“యూనిఫారానికి జేబులుండవు.”

“అబ్బాయిల నిక్కర్లకి ఉన్నాయిగా! వాళ్ళకేనా చేతులు, మాకు మొలకలా?”

“రెండు జేబులు కుట్టి పడెయ్యవే తల్లీ,” అంది నానమ్మ. “లేకపోతే బస్సెక్కేదాకా మన ప్రాణాలు తోడేస్తుంది.”

దుకాణం గుడ్డ పొరలు పొరలుగా పరిచి ఉంది. ఎలాగూ కొలత ఒకటేనని పిల్ల గుడ్డ కూడా అన్నిటికంటే పైన పరిచింది అత్త. దీని నోటికి తాళం పడితే చాలనుకుని, నడుము పక్కల జేబు కోసం సుద్దతో ఏటవాలుగా గీసింది. పెద్ద కత్తెర తీసుకుంది. పొరలన్నీ కలిపి ఒక్క ఊపున కోయడం ఆ చేతికి అలవాటు. కరకరమని రెండు మూలలూ తెగిపడ్డాయి. జేబు కోతకి పైపొర ఒక్కటే విడిగా తీయాలన్న సంగతి, కిందపడ్డ ముక్కల దొంతరలు చూశాక గుర్తొచ్చింది.

“నా కొంప మునిగింది!”

లాయరు వంగి చూసి చప్పట్లు కొట్టింది. “అందరికీ జేబులే!”

“నోర్ముయ్! అంతా నీ వల్లే!”

తెగిన మూల అతుకు వేస్తే తప్ప మూసుకోదు. అతుకులకి గుడ్డా లేదు, వ్యవధీ లేదు. పాత లైనింగు ముక్కలతో జేబులే కుట్టింది. మధ్యాహ్నం అన్నం కూడా మిషను మీదే. కుట్టిన ప్రతి జేబులో చెయ్యి పెట్టి చూసి, “పాస్,” అంటూ కూర్చుంది లాయరు. అత్తకి పళ్ళు నూరే ఓపిక కూడా మిగల్లేదు.

బస్టాండుకి దారిలోనే దుకాణం. తమ్ముడు పెట్టెతో, పిల్ల కొత్త స్కర్టుతో వెంట వచ్చారు. దుకాణదారు ఒక స్కర్టు తీసి జేబులో చెయ్యి దూర్చాడు.

“ఇవెవరు పెట్టమన్నారమ్మా?”

“పొరపాటున కోత పడిందండీ.”

“అతుకులేసి మూసి, తెల్లారేసరికి పట్రా.”

అలవాటుగా అత్త తల ఊగింది. లాయరు నోరు తెరిచింది. తండ్రి భుజం నొక్కాడు. అప్పుడు వినిపించింది, అత్త గొంతే.

“మూయను.”

“ఏంటీ?”

“అబ్బాయిలకున్నాయిగా. ఆడపిల్లలకుంటే ఏం పోయింది? కావాలంటే తీసుకోండి. లేకపోతే పట్టుకుపోతా.”

దుకాణదారు ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మూట లోపలికి విసిరాడు. “రేపు పిల్లలకివ్వాలి కాబట్టి తీసుకుంటున్నా. ఇక నీకు గుడ్డ ఇవ్వను. వేరే పని చూసుకో.”

బస్టాండు చేరాక అత్త పిల్ల వైపు తిరిగింది.

“నోటికాడ కూడు పోగొట్టావు కదే!”

“నేను ఫోన్ చేసి మాట్లాడతాలే అక్కా,” అన్నాడు తమ్ముడు.

“నువ్వేం బతిమాలక్కర్లేదు.”

లాయరు బల్ల మీద కూర్చుని, తండ్రి కొనిచ్చిన జామకాయ ఒక్కసారి కొరికి పక్కన పెట్టేసింది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది.

బస్సు వచ్చింది. “ఆ మెట్టు ఎంత ఎత్తో చూడు,” అంది అత్త. “ముసలివాళ్ళు ఎలా ఎక్కుతారంట?”

పిల్ల తలూపింది, అచ్చం అత్తలాగే. దాంతో అత్తకి ఒళ్ళు మండిపోయింది.

పిల్లని సీట్లో కూర్చోబెట్టేసరికి కండక్టరు “దిగమ్మా, దిగు,” అని తరిమాడు. అత్త దిగి వెనక్కి తిరిగింది. “ఒసేయ్, ఇటు చూడు! కొత్త చోటని, అందరూ పెద్దవాళ్ళని, అక్కడ నోరు మాత్రం—”

కండక్టరు తలుపు వేసేశాడు.

‘మూసుకోకు’ అన్న మాట నోట్లోనే ఉండిపోయింది. బల్ల మీద జామకాయ ఉంది. కొరికినచోట రెండు గుంటలు, వాటి మధ్య పిల్ల ముందుపన్ను ఊడిన సందులోంచి తప్పించుకుని నిలబడ్డ సన్నటి గుజ్జు.